కువైట్ టెలికాం నియంత్రణ సంస్థ సిట్రా అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా,

టెలికాం కంపెనీలను అదుపులో ఉంచమనే 2014 నాటి 37వ చట్టం మీ సంస్థను పెట్టింది. అందుకే మీకు రాస్తున్నాను.

జహ్రాలో డ్రైవర్లుగా, ఇళ్లల్లో పనివాళ్లుగా ఉన్న రాయచోటి, రాజంపేట వైపు వాళ్లం వాట్సాప్‌లోనే ఇంటికి మాట్లాడతాం. ఇక్కడ పని తెమిలి రాత్రి పదింటికి ఫోన్ పట్టుకుంటే అక్కడ పన్నెండున్నర, పిల్లలు నిద్రపోతుంటారు. ఇక సెలవు రోజైన శుక్రవారమే మిగిలింది. ఆ రోజే మాట మధ్యలో డేటా ప్యాక్ అయిపోతుంది, వేసుకున్న బ్యాలెన్సూ ఊడ్చుకుపోతుంది. ఆ సంగతి చెప్పే మెసేజ్ అరబీలో! సిమ్ కొట్టులో ధర పెద్దక్షరాల్లో రాస్తారు, గడువు మాత్రం భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. చౌక ప్యాకేదో ఎలా తేల్చుకునేది?

ప్యాక్ అయిపోయాక మా అనుమతి లేకుండా బ్యాలెన్స్‌లోంచి ఒక్క ఫిల్స్ కూడా కోయకూడదని ఆదేశించండి. ధర, గడువు, డేటా ఒకే సైజులో రాయించండి. మెసేజ్‌లు తెలుగు, హిందీల్లోనూ పంపించండి.

ఇట్లు,
ఒక డ్రైవరు, జహ్రా