‘నీకేంటి, కోటా ఉందిగా’ అనేవాళ్లకు తెలియని లెక్క

నాతవరం మండలంలోని ఒక దళితవాడ నుంచి వచ్చిన యువకుడిని ఊహించుకుందాం. నర్సీపట్నంలో బీకాం చదివాడు. నాలుగేళ్లుగా విశాఖలో ఒక ఫైనాన్స్ కంపెనీలో లోన్ ఫైళ్లు చూస్తున్నాడు. మంచి బిజినెస్ స్కూల్లో అతనికి సీటు వచ్చే అవకాశం ఎంత? కోచింగ్ సెంటర్ అయితే క్యాట్ పర్సంటైల్ అడిగి జవాబు చెబుతుంది. ఆఫీసులో తోటివాళ్లు అదీ అడగరు. ‘నీకేంటి, కోటా ఉందిగా’ అనేస్తారు.

కోటా ఉన్నమాట నిజమే. 2006 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఐఐఎంలలో 15 శాతం సీట్లు ఎస్సీలవి. క్యాట్ రాయడానికి డిగ్రీలో 45 శాతం మార్కులు చాలు, దరఖాస్తు రుసుమూ సగమే. కానీ ఐఐఎంలు ప్రకటించే కటాఫ్ కనీస అర్హత మాత్రమే. అది దాటిన వాళ్లందరికీ ఇంటర్వ్యూ పిలుపు రాదు. ఆ 15 శాతం సీట్ల కోసం ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో చదివిన ఎస్సీ అభ్యర్థులు కూడా పోటీలో ఉంటారు. పైగా మూడు విభాగాల్లోనూ విడివిడిగా కటాఫ్ దాటాలి. అంకెలతో రోజూ పనిచేసేవాడికి లెక్కలు ఇబ్బంది కాకపోవచ్చు. తెలుగు మీడియంలో చదివినవాడిని ఆపేది 40 నిమిషాల ఇంగ్లీషు విభాగం.

అసలు చిక్కు పాత మార్కులతో వస్తుంది. అహ్మదాబాద్, బెంగళూరు ఐఐఎంల వంటివి పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులకు కూడా పాయింట్లు వేస్తాయి. ట్యూషన్ లేకుండా సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి రాసిన పదో తరగతి పరీక్ష, ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా అతని వెంటే వస్తుంది. దీన్ని ప్రతిభ అంటున్నారు గానీ, ఆ మార్కుల్లో సగం ఇంటి పరిస్థితే కనిపిస్తుంది. నాలుగేళ్ల ఉద్యోగానికీ పాయింట్లు ఉంటాయి. పిలుపు దశలో అవి తక్కువే.

అనుభవానికి గట్టి విలువ ఇచ్చేది హైదరాబాద్‌లో 2001లో మొదలైన ఐఎస్‌బీ. దాని ప్రధాన కోర్సుకు కనీసం రెండేళ్ల ఉద్యోగం ఉండాలి. కానీ అది ప్రైవేటు సంస్థ, అక్కడ రిజర్వేషన్ లేదు. ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ రిజర్వేషన్ పెట్టుకోవచ్చని 2005లో 93వ రాజ్యాంగ సవరణ దారి తెరిచింది. కేంద్రం చట్టం చేసింది మాత్రం తన సంస్థల వరకే. అంటే ఇతని బలానికి విలువ ఉన్న చోట హక్కు లేదు, హక్కు ఉన్న చోట ఆ బలం అంతగా పనికిరాదు. పై అధికారి సిఫారసు సంగతి సరేసరి. మేనేజర్‌తో కలిసి భోజనానికి వెళ్లే చనువు అందరికీ ఒకేలా దొరకదు.

ఇక డబ్బు. ఎస్సీ విద్యార్థుల కోసం కేంద్రం నడిపే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఐఐఎంల ట్యూషన్ ఫీజు మొత్తం కడుతుంది. అయితే కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, ఒక్కో సంస్థకు ఇన్ని స్కాలర్‌షిప్‌లే అన్న పరిమితీ ఉంది. దరఖాస్తుకు బలమైన జీతమే ఇక్కడ అడ్డం రావచ్చు. రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ చేద్దామనుకుంటే, పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను 2020లో జీవో 77 తీసేసింది.

నా అంచనా అడిగితే, ఇలాంటి అభ్యర్థి ఐఎస్‌బీ మీద ఆశ పెట్టుకోవడం కన్నా 2015లో మొదలైన విశాఖ ఐఐఎం లాంటి కొత్త ఐఐఎంలను ముందు పెట్టుకోవడం మేలు. ఏడాదిపాటు ఇంగ్లీషు విభాగం మీదే కూర్చోవాలి. ఆదాయ ధ్రువపత్రంలో తన జీతాన్ని ఎలా లెక్కిస్తారో రాజీనామా ఇవ్వకముందే తహసీల్దార్ కార్యాలయంలోనూ, చేరబోయే సంస్థలోనూ కనుక్కోవాలి.