తలుపు తెఱచి సుంకమడుగుట



సొమ్ము చెల్లించి యిల్లు కొన్న పిదప, అందులోనికి వలయు సరకులన్నియు ఇల్లమ్మినవాని యంగడిలోనే కొనవలెనన్నచో మనమూరకుందుమా? ఐఫోను విషయము చాలకాల మట్లేయుండెను. అందు వాడుకొను యాప్‌లు యాపిల్ కంపెనీవారి యంగడినుండియే రావలెను. ఆ యాప్‌లలో జరుగు డిజిటల్ అమ్మకములపై నూటికి 30 వంతులవఱకు వారికి కమీషను ముట్టవలెను. ఆ భారము తుదకు కొనువారిమీదనే పడునని వేఱుగ చెప్పనేల?

ఇట్టి కట్టడులను సడలించుటకై యూరోపియన్ యూనియన్‌వారు డిజిటల్ మార్కెట్ల చట్టమును చేసిరి. 2023 సెప్టెంబరులో యాపిల్, గూగుల్ యజమానియగు ఆల్ఫాబెట్, అమెజాన్, మెటా, మైక్రోసాఫ్ట్, బైట్‌డాన్స్ అను నాఱు కంపెనీలను ద్వారపాలకులని పేర్కొని, 2024 మార్చి 7వ తేదీలోగా చట్టమునకు లోబడవలెనని గడువిచ్చిరి.

యాపిల్‌వారు తలుపు తెఱచిరి. కాని గడపయొద్ద క్రొత్త సుంకము నిలిపిరి. ఇతరుల యంగడిలో యాప్ నుంచగోరువారు 2024లో క్రొత్త షరతుల కొడబడవలసియుండెను. యాప్‌ను దించుకొన్న ఖాతాలు ఏటికి పదిలక్షలు దాటినచో, ఆపై ప్రతి ఖాతాకు అర యూరో చెల్లించవలసియుండెను. ఇదేమన, తలుపులు తెఱచిన మోసగాండ్రు చొరబడుదురనియు, కొన్నవారి క్షేమమునకే తాము కావలియున్నామనియు వారి సమాధానము. మోసపు యాప్‌లు లేకపోలేదు. ఆ భయమును తేలికగా త్రోసివేయరాదు. కాని కావలికిని సుంకమునకును సంబంధమేమి? బయట చౌకగా దొరకునని కొనువారికి తెలుపనీయకుండుట యే క్షేమము కొఱకు? ఈ నేరమునకే 2025 ఏప్రిలులో యూరోపియన్ కమిషన్ వారికి 50 కోట్ల యూరోల జుల్మానా విధించెను. వారు న్యాయస్థానమున కెక్కిరి.

మఱియొక ముచ్చట. ఫోనులన్నిటికి నొకే తీరు ఛార్జరుండవలెనని 2022లో యూరపువారు వేఱొక చట్టము చేసిరి. యాపిల్‌వారు మొదట గొణిగినను, 2023లో ఐఫోను 15తో దారికి వచ్చిరి. ఆ మార్పు మన దేశపు ఐఫోనులకును వచ్చినది. ఒకే ఛార్జరుతో ఇంటిల్లిపాది ఫోనులు నడచుట యెంత సుఖమో గృహిణులకు తెలియును.

ఈ రెంటికిని భేదమేమి? ఛార్జరు రంధ్రము కంటికి కనబడును. మార్చిరో లేదో పసివాడును చెప్పగలడు. షరతులన్ననో, కాగితములలో దాగియుండును. కావున నెవరైన “చట్టమునకు లోబడితిమి” అన్నప్పుడు, తెఱచిన తలుపును మాత్రమే చూచి సంతసింపక, గడపయొద్ద నేమడుగుచున్నారో కూడ చూడవలెను. వస్తువు కొనుటకు ముందు వెలతోపాటు షరతులను నడిగి తెలిసికొనుట గృహిణికి తగిన జాగ్రత్త.