గ్యాస్ మన తీరానిది.. కోర్టు ఎక్కడిది?

కాకినాడ: తాళ్లరేవు మండలం గాడిమొగ వద్ద ఒడ్డుకు చేరే కేజీ-డీ6 గ్యాస్ ఖర్చులపై రిలయన్స్, కేంద్రం మధ్య తలెత్తిన వివాదం 2011లో మధ్యవర్తిత్వానికి వెళ్లింది. మధ్యవర్తి నియామకం మాత్రం సుప్రీంకోర్టుకు చేరింది. రిలయన్స్ భాగస్వాముల్లో బ్రిటన్‌కు చెందిన బీపీ, కెనడాకు చెందిన నికో ఉండటమే కారణం. 1996 చట్టం ప్రకారం ఒక్క పక్షమైనా విదేశంలో నమోదైన సంస్థ అయితే ఆ అధికారం సుప్రీంకోర్టుది, లేకుంటే హైకోర్టుది. ఈ కేసులో మూడో మధ్యవర్తి విదేశీయుడే కావాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది.

యజమానులు విదేశీయులైనంత మాత్రాన కంపెనీ విదేశీదైపోదు. మలేషియా నుంచి నడిచినా ఇక్కడ నమోదైనది భారతీయ కంపెనీయేనని 2008లో టీడీఎం ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసులో తీర్పు వచ్చింది. అమెరికాలో లెక్క వేరు. వేర్వేరు రాష్ట్రాల వారి మధ్య తగాదా అంటూ ఫెడరల్ కోర్టుకెక్కే ఎల్ఎల్‌సీ, తన సభ్యులందరి పౌరసత్వాన్నీ చెప్పాలి. 2022 డిసెంబరు నుంచి అది రాతపూర్వక నిబంధనే.

తీరంలో పనులు చేసే చిన్న గుత్తేదారుకు ఈ తేడా ఖరీదైనదే. బోర్డుపై పేరు కాదు, ఒప్పందంపై సంతకం చేసే సంస్థ నమోదు సంఖ్య చూడాలి. అది ‘ఎఫ్’తో మొదలైతే విదేశీ కంపెనీ. మధ్యవర్తిపై రాజీ కుదరకపోతే ఢిల్లీ రైలెక్కాల్సిందే.