సరదా ఫొటోలూ, సంపాదన ఫొటోలూ

పిల్లలూ! మీది ఇబ్రహీంపట్నమనుకోండి. పొద్దుగూకే వేళ పెద్దచెరువు కట్ట మీదికి పోయి, నీళ్ళలో ఎర్రగా దిగే సూర్యుణ్ణి ఫొటో తీశారు. చూసినవాళ్ళంతా "భేష్!" అన్నారు. అన్నారు గాని, ఒక్కరూ రూపాయి తీసి చేతిలో పెట్టలేదు. ఎందుకు పెడతారు? ఆ చెరువు వాళ్ళకూ కనిపిస్తూనే ఉంది. పైగా ఈ రోజుల్లో ఫోనున్న ప్రతివాడి దగ్గరా కామెరా ఉన్నట్టే.

అదే కట్ట మీద ఒక తాతగారు ఎదురై, "నా ఫొటో తీసి, కాగితం మీద వేయించి ఇస్తావా, నాయనా?" అన్నాడనుకోండి. ఆయన తప్పక డబ్బిస్తాడు. మొదటి ఫొటో మీకు ముచ్చటైనది, రెండోది ఆయనకు కావలసినది. ఉన్న తేడా అంతా ఇదే.

ఈ తేడా బాగా ఎరిగినవాడు రాజా దీన్ దయాళ్. మీ ఊరికి ఎంతో దూరం లేని సికింద్రాబాదులోనే 1886లో ఆయన స్టూడియో పెట్టాడు. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరాడు. కట్టడాలకు నక్షాలు గీయటం, ఖర్చు అంచనా వేయటం ఆయన పని. 1874లో సరదాగా కామెరా పట్టుకున్నాడు. మరి వెంటనే ఉద్యోగం మానేశాడా? లేదు! మరో పదేళ్ళు నక్షాలు గీస్తూనే ఫొటోలు తీశాడు. మీ అమ్మానాన్నలు ఈ మాట విని సంతోషిస్తారు.

ఆ రోజుల్లో ఫొటో అంటే ఆషామాషీ కాదు. గాజు పలక మీద కొలోడియన్ అనే బంకలాంటి ద్రవం పూయాలి. దాన్ని చీకట్లో సిల్వర్ నైట్రేట్ నీళ్ళలో ముంచి, తడి ఆరకముందే కామెరాలో పెట్టి ఫొటో తీయాలి. ఆ తడిలోనే మళ్ళీ చీకట్లోకి పరుగెత్తి మందుల్లో కడగాలి. ఇదంతా పది పదిహేను నిమిషాల్లో జరిగిపోవాలి. అందుకే ఊళ్ళు తిరిగే ఫొటోగ్రాఫరు వెంట చీకటి గుడారం కూడా బండెక్కేది. తరవాత కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని నెగటివు కింద పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ దిగేది.

సరదాకు తీసేవాడికి పలక పాడైతే నష్టం పలకే. కాని వైస్రాయి నిలబడి ఉండగా పలక పాడైతే? ఇప్పటి పెళ్ళిళ్ళలోనూ అంతే. తాళి కట్టే క్షణాన మీ కామెరాలో బాటరీ అయిపోతే, "మరోసారి కట్టండి" అనలేరు గదా! డబ్బు తీసుకున్నవాడు రెండో కామెరా, రెండో బాటరీ సిద్ధంగా ఉంచుకోవాలి. అవి కొన్న ఖర్చు పోగా మిగిలిందే సంపాదన.

దీన్ దయాళ్‌ను ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ తన ఆస్థాన ఫొటోగ్రాఫరుగా నియమించాడు. అంత గొప్ప కొలువు దొరికినా ఆయన చుట్టూ చూడటం మానలేదు. ఘోషాలో ఉండే స్త్రీలు మగవాడి ముందు కూర్చుని ఫొటో తీయించుకోరు. వాళ్ళకూ ముచ్చట ఉంటుంది గదా! 1892లో హైదరాబాదులో వాళ్ళకోసం ప్రత్యేకంగా స్టూడియో తెరిచి, ఒక ఇంగ్లీషు దొరసానికి అప్పగించాడు. నాకు ఆయన తీసిన కోటలకన్నా ఈ ఆలోచనే గొప్పగా తోస్తుంది.

ఒక సంగతి తెలుసుకోండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, వాళ్ళదే. ఆ తాతగారి ఫొటోను మీరు మరొకరికి అమ్మరాదు. మీ అంతట మీరు తీసిన చెరువు ఫొటో మాత్రం మీదే.

దాన్ని పారేయకండి. తేదీ, స్థలం రాసి దాచండి. దీన్ దయాళ్ తన నెగటివులకు అంకెలు వేసి దాచేవాడు. అడిగినవారికి మళ్ళీ కాపీ తీసి ఇవ్వటానికి అది వీలు. ఆయన 1905లో పోయాడు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆయన గాజు నెగటివులు 2,857 కొన్నది.