ముంగిట్లో పరిశోధన, అందని ఉద్యోగం
ద్వీపవాసి విద్యార్థికి విజ్ఞానశాస్త్రం వృత్తి కాగలదా?

2024లో శ్రీ విజయపురంగా నామాంతరం చెందిన పోర్టుబ్లెయిర్‌లో విజ్ఞాన పరిశోధనా సంస్థలకు కొదవలేదు. వృక్షశాస్త్ర సర్వే ప్రాంతీయ కేంద్రం 1972లోను, జంతుశాస్త్ర సర్వే కేంద్రం 1977లోను, వ్యవసాయ పరిశోధనా సంస్థ 1978లోను, ప్రాంతీయ వైద్య పరిశోధనా కేంద్రం 1983లోను ఏర్పడ్డాయి. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఇక్కడే సముద్ర అధ్యయనాల విభాగాన్ని నెలకొల్పింది. అయినప్పటికీ మిడిల్ పాయింట్ వంటి పేటలలోని మధ్యతరగతి కుటుంబాలు పరిశోధనను జీవనోపాధిగా భావించడానికి సంకోచిస్తాయి. ఈ సంకోచానికి కారణాలు అభిరుచిలో కాక ఆర్థిక పరిస్థితులలో ఉన్నాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాలలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలసవచ్చిన కుటుంబాలు వీరిలో అనేకం. మొదటి తరం చేపల వేటతోను, కాయకష్టంతోను నిలదొక్కుకుంది. చదువుకున్న తరం నుంచి ఆ కుటుంబాలు ఆశించేది సత్వర ఆదాయం, స్థిరమైన ఉద్యోగం. పరిశోధనా మార్గం ఈ రెండింటినీ వాయిదా వేస్తుంది. డిగ్రీ, పీజీ, పిహెచ్‌డి పూర్తయ్యేసరికి దాదాపు పదేళ్లు గడుస్తాయి. ఇంజనీరింగ్ పట్టభద్రుడు నాలుగేళ్లకే సంపాదనకు అర్హుడవుతాడు.

జాతీయ అర్హత పరీక్షలో నెగ్గిన జూనియర్ పరిశోధకునికి నెలసరి వేతనం 2019లో 25 వేల రూపాయల నుంచి 31 వేలకు, 2023లో 37 వేలకు పెరిగింది. 2019 నాటి పెంపుదలకు ముందు పరిశోధక విద్యార్థులు దేశవ్యాప్తంగా ఆందోళన చేయవలసివచ్చింది. పిహెచ్‌డి అనంతరం శాశ్వత ఉద్యోగం లభిస్తుందన్న హామీ లేదు. 2020-21లో పరిశోధన, అభివృద్ధిపై దేశం వెచ్చించింది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమే. చైనాలో ఇది రెండు శాతానికి మించింది.

ద్వీపవాసికి మరో ప్రతిబంధకం దూరం. చెన్నైకి దాదాపు 1,370 కిలోమీటర్లు. ఓడ ప్రయాణం రెండు మూడు రోజులు. ఉన్నత శిక్షణకు సముద్రం దాటక తప్పదు. స్థానికంగా ఉన్న పరిశోధనా సంస్థలలో శాస్త్రవేత్తల నియామకం అఖిల భారత స్థాయి పోటీలో జరుగుతుంది. ఫలితంగా ముంగిట్లోని ప్రయోగశాల కంటే పాలనాయంత్రాంగంలోని గుమాస్తా ఉద్యోగమే చేరువగా కనిపించడం సహజం.

ఈ పరిస్థితి వల్ల నష్టం విద్యార్థులకే పరిమితం కాదు. దేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం బ్యారన్ ద్వీపంలో ఉంది. ప్రాణాంతకమైన రక్తస్రావ జ్వరానికి లెప్టోస్పైరోసిస్ మూలమని ఇక్కడి వైద్య పరిశోధకులు 1990 దశకంలో నిర్ధారించారు. 2004 డిసెంబర్ 26 నాటి సునామీకి ముందు హెచ్చరిక వ్యవస్థ లేదు. 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. ఇటువంటి పరిశోధనలలో స్థానికుల పాత్ర పెరిగితే వాటి ప్రయోజనం ఇనుమడిస్తుంది.

2021లో కేంద్రం ఆమోదించిన 4,077 కోట్ల రూపాయల లోతు సముద్ర పథకంలో ద్వీప విద్యార్థులకు శిక్షణావకాశాలు కేటాయించవచ్చు. డిగ్రీ దశలోనే స్థానిక ప్రయోగశాలలలో వేతనంతో కూడిన వేసవి శిక్షణ ఇవ్వడానికి భారీ వ్యయం అవసరం లేదు. పరిశోధక వేతనాలు నెలనెలా సకాలంలో అందించడం కనీస బాధ్యత. విజ్ఞానశాస్త్రం పట్ల గౌరవం గురించి ఉపన్యసించడం కంటే, అది ఇంటిని నిలబెట్టగల వృత్తి అని నిరూపించడమే విద్యార్థుల మనసు మార్చగలదు.