జన్యువు జాతకము కాదు

గడచిన సోమవారమునాడు మా కావలిలో, చిన్ననాడు నాకు తెలుగు చెప్పిన అయ్యవారు, మనుచరిత్ర పద్యములను నేటికిని తడబడక చదువగలవారు, ఇంటికి వచ్చి రక్తము తీసికొనిపోయిన యొక సంస్థవారు పంపిన కాగితమును నా చేతికిచ్చి, "నాయనా, మతి పోవునని నాకు వ్రాసిపెట్టి యున్నదట" అని కంట తడిపెట్టినది మొదలు నా మనస్సునకు నెమ్మది లేదు.

ఆ కాగితమందలి సారాంశ మొక్కటే: అపో-ఇ అను జన్యువుయొక్క నాలుగవ రూపము వారియందు ఒక ప్రతి గలదు. దానికిని, మతిని హరించు ఆల్జైమర్ వ్యాధికిని గల సంబంధమును 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు వెల్లడించిన మాట నిజమే. అయినను అది అపాయమును హెచ్చించునేగాని వ్యాధిని తప్పక తెచ్చునది కాదు. అది గలవారిలో అనేకులు కడవరకు తెలివితోనే జీవింతురు, లేనివారిలోను అనేకు లావ్యాధి పాలగుదురు. ఈ ముక్క విప్పి చెప్పకుండ ఒక వృద్ధుని చేత ఆ కాగితము పెట్టుట క్రౌర్యము.

మెదడు ముదిమినిగూర్చి మన తెలుగునాటనే పరిశోధన జరిగినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమునందు ఆచార్య కల్లూరి సుబ్బారావుగారు ఎలుకల మెదళ్లపై చిరకాలము శ్రమించి, వయస్సు మీరినకొలది నాడీకణములలోని డి.ఎన్.ఎ. పోగులు తెగుచుండుటను, తెగినచోట అతుకు శక్తి సన్నగిల్లుచుండుటను చూపిరి. ముదుసలి ఎలుకల నాడీకణసారమునకు పాలిమరేజ్ బీటా, లైగేజ్ అను రెండు ఎంజైములను చేర్చగా ఆ యతుకుపని మరల సాగెనని వారి బృందము 2005లో ప్రకటించెను. ఇంతటి కృషి చేసిన తెలుగువాని పేరెరిగిన పట్టభద్రుని నే నీ యూర నింతవరకు చూడలేదు.

పేరుమాట యటుండనిండు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడిగారు 648 మంది మతిక్షయరోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన దేమనగా, ఒక్క భాషయే వచ్చినవారికన్న రెండు భాషలు వచ్చినవారికి ఆ వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ పొడసూపినది. అక్షరము రానివారియందు ఆ యంతరము సుమారు ఆరేండ్లు! ఇట్టి రక్ష యింటనే యుండగా, తెలుగు పలికిన బిడ్డకు జరిమానా వేయు బడిని వెదకి వెదకి, అప్పు చేసి రుసుము కట్టుచున్నాము; బిడ్డకు రెండు భాషలు రావలసినచోట ఒక్కటి మిగిలి, అదియు అరకొరగా నున్నది. అయ్యవారి మనుమరాలికే తాతగారి పద్యము తెలియదు.

తల్లిదండ్రులారా, వచ్చు ఆదివారము మొదలుకొని సాయంకాలము ఐదు గంటలకు అయ్యవారు తమ యింటి అరుగుమీద మనుచరిత్ర చెప్పుటకు సమ్మతించిరి. బిడ్డలను పంపుడు.