ఆ సూది మందు ఏ జానవర్‌ది?

మా ఖాలాకి దగ్గినా, సజ్దాకి వంగినా మూత్రం చుక్క పడేది. వుజూ పోయేది. మాజూర్‌కి రియాయత్ ఉందని ముఫ్తీ సాబ్ చెప్పినా ఆమె దిల్ ఒప్పుకోలేదు. షరమ్‌తో దావత్‌లకి కూడా వెళ్ళడం మానేసింది.

2005లో చికాగోలో కొడుకు దగ్గర ఉన్నప్పుడు అక్కడి డాక్టరమ్మ కొల్లాజెన్ ఇంజెక్షన్ చెప్పింది. మూత్రాశయం మెడ దగ్గర ఎక్కిస్తే ఆ చోటు ఉబ్బి దారి మూసుకుంటుందట. ముందు ముంజేతి చర్మంలో కొంచెం ఎక్కించి, దద్దు వస్తుందేమోనని నెల రోజులు చూడాలి. ఖాలా అడిగింది ఒకటే: "ఏ జానవర్‌ది? జబీహానా?" మొదటిదానికి ఆవుది అని జవాబొచ్చింది. రెండోది డాక్టరమ్మకి అర్థమే కాలేదు.

ఆవు తోలుని శుభ్రం చేసి, పలుచని ఆసిడ్‌లో పెప్సిన్ వేసి కరిగిస్తారు. మన ఒంటికి పడని కొసల్ని పెప్సిన్ కోసేస్తుంది. తర్వాత వడకట్టి, మళ్ళీ పోగులుగా చేసి, గ్లుటరాల్డిహైడ్‌తో గట్టిపరుస్తారు. తోళ్ళ కార్ఖానాల్లో దబాగత్‌కి వాడేదీ ఇదే రసాయనం! దబాగత్ చేసిన తోలు పాక్ అన్న మస్లా మనకి తెలిసిందే. అయితే బజార్లో దొరికే పెప్సిన్ ఎక్కువగా పంది కడుపులోంచి తీసిందే. సవాల్ అక్కడితో తెగదు.

అసలు సరుకే మారిపోతే హుకుమ్ మారుతుందా? 1995లో కువైట్‌లో ఇస్లామీ వైద్య సంస్థ సభ మారుతుందంది. చాలామంది ఉలమా ఒప్పుకోలేదు. ఈ ఇఖ్తిలాఫ్ తేల్చడం నా పని కాదు. ఖాలాది జరూరత్. చేయించుకుంది, కొన్నేళ్ళు హాయిగా నమాజ్ చదివింది. ముఖం ముడతలకి పంది స్నాయువులతో చేసిన కొల్లాజెన్ కూడా 2008లో అమెరికాలో మంజూరైంది. దానికి ఏ మజ్‌బూరీ ఉందో నాకైతే తెలియదు.

నా షికాయత్ మందు మీద కాదు, చెప్పకపోవడం మీద. సంతకం పెట్టించే కాగితంలో జానవర్ పేరు ఒక్క లైను రాస్తే ఏం పోతుంది? ఆవుదంటే మన హిందూ పడోసీలూ అడుగుతారు. తెలుసుకోవడం మరీజ్ హక్.

పోయిన నెల అమ్మీ ఆపరేషన్‌కి ముందు నేనే అడిగాను. రక్తం ఆపడానికి పెట్టే స్పాంజి జెలటిన్‌ది, అంటే ఉడికించిన కొల్లాజెనే. డాక్టర్ గారు డబ్బా తెప్పించి చదివారు. పందిది. వేరేది ఉందా అన్నాను. మొక్కల సెల్యులోజ్‌తో చేసింది ఉందన్నారు. అదే పెట్టారు. అంతకుముందు ఎవరూ అడగలేదట.